బ్యాగు మళ్లీ ఎప్పుడు సర్దాలి

నిజామాబాద్‌లో నేను పోయే లైబ్రరీలో పగటిపూట కుర్చీ దొరకడం కష్టం. ఉద్యోగ పరీక్షలకు చదివేవాళ్లు తలుపులు తీయకముందే వచ్చి నిలబడతారు. తీయగానే బల్లల మీద కర్చీఫులు, నీళ్ల సీసాలు పెట్టి సీట్లు ఆపుకుంటారు. నేను పెళ్లికార్డులు అచ్చువేసే ప్రెస్సులో కంపోజింగ్ చేస్తాను. మధ్యాహ్నం అన్నం తినే సమయాన్ని కాస్త సాగదీసి, ఎవరో ఒకరు టీకి లేచినప్పుడు ఆ కుర్చీలో కూర్చుంటాను. నా ముందు ఇటుకంత పుస్తకం ఉంటుంది. ఒకరోజు పక్కనున్నాయన ఆ ఇటుక వైపు మర్యాదగా చూసి అడిగాడు.

"ఏ పోస్టుకు ప్రిపేరైతున్నవన్నా?"

"పోస్టుకు గాదు. లైనక్స్."

"దానికి నోటిఫికేషన్ పడ్డదా?"

"పడలే."

"అయితె మంచిదే. ఇంక టైమున్నది," అని తన పుస్తకంలోకి వెళ్లిపోయాడు.

నాకు ఇదంతా ఎవరూ నేర్పలేదు. ఈ మాట కొత్తవాళ్లతో పరిచయమైన కాసేపటికే ఏదో ఒక వంకన చెప్పేస్తాను. పదో తరగతి దాటాక కాలేజీ మెట్లెక్కలేదనీ, అయినా పుస్తకాల్లో ముందుమాట నుంచి చివర అకారాది పట్టిక దాకా చదువుతాననీ కలిపి చెబుతాను. వినేవాళ్లు సాధారణంగా "అవునా" అంటారు. నేను దాన్ని మెప్పు కిందే జమ కట్టుకుంటాను.

ఆ ఇటుకలో ఒక అధ్యాయం నన్ను పట్టుకుంది. కంప్యూటర్ స్విచ్ వేసినప్పటి నుంచి తెర మీద బొమ్మ వచ్చేదాకా లోపల ఏం జరుగుతుందన్నది దాని విషయం. సిస్టమంతా డిస్కులో ఉంటుంది. కానీ ఆ డిస్కును ఎలా తెరవాలో చెప్పే సరంజామా కూడా డిస్కులోనే ఉంటుంది. మరి తెరిచేదెవరు? అందుకని ఆ సరంజామాలో అవసరమైనంత తీసి ఒక చిన్న మూట కడతారు. స్విచ్ వేయగానే ముందు ఆ మూట లేస్తుంది, డిస్కును వెతికి పట్టుకుంటుంది, ఇంటిని అసలు సిస్టమ్‌కు అప్పజెప్పి తాను తప్పుకుంటుంది. దాన్ని తొలి బూట్ ఇమేజ్ అంటారు. చదివి పుస్తకం మూసి చుట్టూ చూశాను. అంతమంది చదువుతున్నారు గానీ ఈ సంగతి అక్కడ నాకొక్కడికే తెలుసు.

అర్థమైంది వెంటనే ఎవరికైనా చెప్పకపోతే నాకు అన్నం సహించదు. బోధన్‌లో ఉండే మా అక్కకు ఫోన్ చేశాను. అక్కకు ఏది చెప్పాలన్నా దుబాయి మీదుగా చెప్పాలి, ఎందుకంటే బావ ఉండేది అక్కడే.

"అక్కా, బావ పోయేటప్పుడు హ్యాండ్‌బ్యాగ్ సదురుతవ్ గద. గసొంటిదే ఇది గూడ."

అంతే, అక్కకు అర్థమైపోయింది. ఎందుకంటే ఆ బ్యాగు మా ఇంట్లో ఒక పెద్ద కథ. ఒకసారి బావ కంపెనీ మారాడు. అక్క మాత్రం పాత సెలవుల్లో సర్దిన హ్యాండ్‌బ్యాగ్‌నే, అందులోని కాయితాలు చూడకుండా, ఆయన భుజానికి తగిలించి పంపింది. కొత్త కంపెనీ క్యాంపు నంబరున్న కాయితం పెద్ద సూట్‌కేసులో బట్టల అడుగున పడింది. ఆ సూట్‌కేసు ఆయనతో పాటు రాలేదు, తర్వాతి విమానంలో వస్తుందన్నారు. బావ దిగి, బ్యాగులో ఉన్న నంబరుకు ఫోన్ కొట్టాడు. అవతల ఎత్తింది పాత క్యాంపువాడు. "నువ్వు మా దగ్గర పని ఇడిసిపెట్టి పోయినవ్ గద భాయ్, మల్లెందుకొచ్చినవ్?" అన్నాడట. సూట్‌కేసు వచ్చేదాకా బావ ఎయిర్‌పోర్టు కుర్చీలోనే కూర్చున్నాడు. అప్పటి నుంచి అక్కది ఒకటే పద్ధతి. కంపెనీ మారినా, వీసా మారినా, క్యాంపు మారినా బ్యాగు బోర్లించి మొదటి నుంచి సర్దుతుంది. కొత్త చొక్కా కొన్నా, కొత్త చెప్పులు కొన్నా బ్యాగు ముట్టదు.

చూడండి, అసలు పాఠమంతా ఇందులోనే ఉంది. పోలిక తెచ్చింది నేను, అర్థం చేసుకుంది అక్క. నేను దాన్ని పోలికగానే మురిపెంగా దాచుకున్నాను.

బోధన్‌లో అక్కకు జాకెట్ల మీద కంప్యూటర్ వర్క్ చేసే దుకాణం ఉంది. ఒక పక్క కుట్టే మెషిన్, ఇంకో పక్క కంప్యూటర్. కంప్యూటర్‌లో డిజైన్ గీసి, పెన్‌డ్రైవ్‌లో వేసి మెషిన్‌కు పెడితే సూది దానంతటదే పువ్వులు, హంసలు కుడుతుంది. ఆ కంప్యూటర్‌లో వైరస్‌లు పడి డిజైన్లు ఖరాబవుతుంటే, నేనే పోయి విండోస్ అంతా తీసేసి దాని బదులు లైనక్స్ వేశాను. డిజైన్లు గీసుకునే సాఫ్ట్‌వేర్ కూడా వెతికి పెట్టాను. బాగానే నడిచింది. అక్కడితో ఆగి ఉంటే నేను తెలివైనవాణ్ణే.

అయితే అక్కడ ఒక పూజ మొదలుపెట్టాను. తొలి బూట్ ఇమేజ్‌ను మళ్లీ తయారుచేసే ఆజ్ఞ ఒకటుంది. కొట్టగానే నల్లటి తెర మీద తెల్లటి వరుసలు పరుగెత్తుతాయి. ఆ పరుగు చూస్తుంటే నేనేదో పెద్ద పని చేస్తున్నట్టు ఉంటుంది. ప్రింటర్ మార్చినా కొట్టాను. మౌస్ మార్చినా కొట్టాను. తెర మీద హంస బొమ్మ తీసి, దుబాయిలో ఎత్తైన బిల్డింగ్ ముందు నిలబడ్డ బావ ఫోటో పెట్టినప్పుడు కూడా కొట్టాను. కొట్టిన ప్రతిసారీ కంప్యూటర్ ఆపి మళ్లీ వేసేవాణ్ణి. దుకాణంలో కూర్చున్న ఆడవాళ్లు నల్లటి తెర చూసి, మెషిన్ కాలిపోయిందనుకుని తమ గుడ్డలు వెనక్కి అడిగేవాళ్లు.

"బావ ఫోటో పెడితె గూడ బ్యాగు సదురుతవా?" అంది అక్క.

"జాగ్రత్తకు, అక్కా."

"ఏం జాగ్రత్త? చొక్కా మారిస్తె పాస్‌పోర్టు మారుస్తరా?"

అంతటితో ఊరుకోక ఇంకో గొప్ప పని చేశాను. ఆ మూటలో లోకంలోని రకరకాల మెషిన్లకు పనికొచ్చే సరంజామా అంతా ఉంటుంది. అవన్నీ మోయడమెందుకు, ఈ మెషిన్‌కు కావలసినవి మాత్రమే ఉంచుకుంటే మూట చిన్నదవుతుంది, కంప్యూటర్ తొందరగా లేస్తుంది అని పుస్తకంలో ఉంది. అలాగే చేశాను. తొందరగా లేచింది కూడా. ఎంత తొందరగా అంటే, నాకు తప్ప ఎవరికీ తెలియనంత. అక్క మాత్రం ఆ రోజు పెళ్లివాళ్లు కూర్చుని ఉండగా మళ్లీ నల్లటి తెర చూపించినందుకు నా చెయ్యి తీసి మెషిన్ మీద పెట్టించింది.

"ఇగ నేను చెప్పేదాంక గా బ్యాగు ముట్టనని ఒట్టు పెట్టు."

పెట్టాను. ఒట్టు పెట్టడంలోనూ నేను చాలా నిష్ఠగలవాణ్ణి.

ఆ తర్వాత చందూర్ నుంచి ఒక పెద్దమ్మ వచ్చింది. కూతురి పెళ్లి. తన పెళ్లి చీర అంచు మీది చిలుకలను పిల్ల జాకెట్టు చేతుల మీద కుట్టించాలని ఆమె కోరిక. చీర అంచు ముందు పెట్టుకుని అక్క చాలా రోజులు కూర్చుని ఆ చిలుకను గీసింది. ఈక ఈకకూ వేరే కుట్టు. చందూర్ వైపు నుంచి అక్కకు వచ్చిన మొదటి పెళ్లి పని అది. పెళ్లిలో ఆడవాళ్లంతా చూసేది జాకెట్టునే కాబట్టి, ఆ చిలుక బాగా కుదిరితే ఇంకా నలుగురు వస్తారని అక్క ఆశ.

మొదటి చేయి కుట్టడం అయింది. ఆ సాయంత్రం కరెంటు ఎక్కువ తక్కువై దుకాణంలో కంప్యూటర్ పోయింది. కుట్టే మెషిన్ స్టెబిలైజర్ మీద ఉండబట్టి బతికింది. నాకు ఫోన్ వచ్చింది. వెళ్లి చూశాను. బోర్డు కాలింది, డిస్క్ బాగానే ఉన్నట్టుంది.

"ఎల్లుండి పెండ్లి," అంది అక్క. "ఒక చేయి మిగిలింది."

"పరేషాన్ కాకు. లైనక్స్‌కు ఏ ఇల్లయినా తన ఇల్లే. వేరే డబ్బాల డిస్క్ పెడితె రేపటికల్ల లేస్తది," అన్నాను. పుస్తకంలో ఇలాంటి అర్థం వచ్చే వాక్యం ఒకటుంది. దాని కింద ఇంకో వాక్యం కూడా ఉంది. అది నాకు గుర్తు లేదు.

పోతూ పోతూ దుకాణంలో ఉన్న ఒక్క పెన్‌డ్రైవ్‌ను కూడా జేబులో వేసుకున్నాను. ఎందుకైనా మంచిదని నిజామాబాద్‌లో దాన్ని తుడిచేసి, డిస్కుతో పని లేకుండా కంప్యూటర్‌ను లేపే లైనక్స్‌ను అందులో ఎక్కించాను. నా ముందుచూపుకు నేనే మెచ్చుకున్నాను. మర్నాడు పొద్దున తెలిసినవాళ్ల దగ్గర ఒక పాత కంప్యూటర్ డబ్బా సంపాదించి బోధన్ బస్సెక్కాను. దానికి కూడా కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు ఆపాను. దారి పొడవునా చెరకు బండ్ల వెనక బస్సు నడిచినంతసేపు, డబ్బాను ఒళ్లోకి వంచుకుని, అక్క ముఖంలో సంతోషం ఎలా ఉంటుందో ఊహించుకుంటూ కూర్చున్నాను.

నేను వెళ్లేసరికి చందూర్ పెద్దమ్మ స్టూల్ మీద కూర్చుని ఉంది. జాకెట్టు తీసుకుపోదామని వచ్చింది. డిస్క్ బిగించి స్విచ్ వేశాను. తెర నల్లగానే ఉంది. పైన తెల్లటి అక్షరాల్లో రెండు వరుసలు. అడిగిన డిస్క్ ఎక్కడా లేదని వాటి సారాంశం.

"ఏమంటున్నది?" అంది అక్క.

"డిస్క్ లేదంటున్నది."

"ఇప్పుడే నీ చేతులతోని పెట్టినవ్ గద?"

తీసి మళ్లీ పెట్టాను. వైరు మార్చాను. ఊదాను కూడా. మళ్లీ అవే రెండు వరుసలు. డిస్క్ కూడా కాలిపోయిందని నిర్ణయానికి వచ్చేశాను.

"ఏం లేదంట బిడ్డా?" అని అడిగింది పెద్దమ్మ.

"చిల్క లేదంట పెద్దమ్మా," అంది అక్క, నన్నే చూస్తూ.

"అయ్యో! రేపు పొద్దుగాల పెండ్లి. ఒక చేతికి చిల్క ఉండి ఒక చెయ్యి ఉత్తగుంటె పిల్ల పందిట్ల ఎట్ల కూసుంటది? దండ అడ్డం పెట్టుకుంటదా?"

అక్కకు పెన్‌డ్రైవ్ గుర్తొచ్చింది. "ఆగు, నిన్న కుట్టిన చిల్క దాంట్లనే ఉండాలె. ఏది, ఇయ్యి."

నేను జేబులోంచి తీశాను గానీ ఇవ్వలేదు.

"ఏందిరా?"

"తుడిచేసిన, అక్కా. దీంట్ల లైనక్స్ ఎక్కించిన."

"చిల్కను తీసేసి నీ పుస్తకం నింపినవా?"

అక్క అరవలేదు. కుట్టిన చేతిని ఒళ్లో పెట్టుకుని, చిలుక రెక్క మీద వేలితో నిమురుతూ కూర్చుంది. మళ్లీ గీయొచ్చు గానీ అది ఈ చిలుకకు జోడీ కాదు, ఏదో చుట్టపు చిలుక అవుతుంది. రెండు చేతులూ కొత్తగా కుడదామంటే ఆ రంగు గుడ్డ ఒక చేతికి సరిపడానే మిగిలింది. ఆమె అరిచి ఉంటే నాకు కాస్త నయంగా ఉండేది.

భయం వేసినప్పుడు కొందరు దేవుణ్ణి తలుచుకుంటారు. నేను ఉపన్యాసం చెబుతాను. పెద్దమ్మ "లేస్తలేదంటె లోపల ఏమైతది బిడ్డా?" అని అడగడమే ఆలస్యం, ఎదురుగా స్టూల్ లాక్కుని కూర్చున్నాను.

"మీ ఇంట్ల ఎవలన్న గల్ఫ్ పోయిన్రా పెద్దమ్మా?"

"మా పెద్దోడు మస్కట్ల ఉన్నడు."

"పోయేటప్పుడు హ్యాండ్‌బ్యాగ్‌ల ఏం పెడ్తరు?"

"పాస్‌పోర్టు, వీసా, క్యాంపు నంబరు. ఒక జత బట్టలు. జరమొస్తె గోలీలు. సకినాలు."

"సకినాలు వదిలెయ్యున్రి. పెద్ద సూట్‌కేసు దొరికేదాంక ఆ బ్యాగుతోనే గడవాలె. దీంట్ల గూడ గట్లనే ఒక చిన్న బ్యాగుంటది. సూట్‌కేసు ఏడుందో, దాన్ని ఎట్ల తెరవాలెనో గా బ్యాగుల రాసుంటది." నాకు ఊపొచ్చింది. "ఇగ మీవాడు కొత్త చొక్కా కొన్నడనుకోరి. బ్యాగు మార్చాల్నా?"

"ఎందుకు మారుస్తరు?"

"మార్చద్దు! చెప్పులు కొన్నా మార్చద్దు. అదే కంపెనీ మారి, క్యాంపు మారి, ఇంకో తావుకు పోయిండనుకోరి, అప్పుడు పాత బ్యాగుతోని పోతె ఏమైతది? ఎదురుంగ సూట్‌కేసు ఉన్నా గుర్తు పట్టడు. లేదు, లేదు అంటనే..."

అక్కడ నా నోరు ఆగిపోయింది. జీవితంలో ఒక ఉపన్యాసం మధ్యలో నా అంతట నేను ఆగడం అదే మొదటిసారి.

"ఎందుకాగినవ్?" అంది అక్క.

"అక్కా. కంపెనీ మారింది."

"ఎవల కంపెనీ?"

"దీనిది." డబ్బా వైపు చూపించాను. "డిస్క్ కాలలే. కాలిన డబ్బాకు సరిపోయే సామానొక్కటే బ్యాగుల ఉంచిన. ఈ డబ్బాల డిస్కుకు పోయే దారి వేరే. దాని సామాను బ్యాగుల లేదు."

"ఎందుకు లేదు?"

"బరువని తీసేసిన."

"మరి వచ్చుడుతోనే మల్ల సదరకపోతివి?"

"నువ్వే ముట్టద్దన్నవ్ గద! ఒట్టు పెట్టించినవ్."

"నేను ఫోటో మారిస్తె ముట్టద్దన్న. ఇల్లే మార్చినంక గూడ ముట్టద్దన్ననా?"

పెద్దమ్మ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "మీ కొట్లాట తర్వాత. బ్యాగు సదురు బిడ్డా."

నేను తుడిచేసిన పెన్‌డ్రైవ్ అప్పుడు పనికొచ్చింది. దాన్ని పెట్టి స్విచ్ వేస్తే కంప్యూటర్ లేచింది. పెన్‌డ్రైవ్‌లోది ఏ ఊళ్లో ఏ ఇంట్లో దిగాల్సి వస్తుందో తెలియకుండా తయారైన బ్యాగు కాబట్టి, చేసినవాళ్లు నాలాగా పిసినారితనం చూపకుండా అన్నీ పెట్టారు. డిస్క్ కనబడింది. లోపల అక్క డిజైన్ల ఫోల్డర్ తెరిచాను. చిలుక అక్కడే ఉంది, ముక్కు వంచి, ఏమీ జరగనట్టు.

"ఇగో, ఇగో!" అంది పెద్దమ్మ.

"చిల్కను పెన్‌డ్రైవ్‌ల వెయ్యి, కుడుదం," అంది అక్క.

"పెన్‌డ్రైవ్ మీదనే ఇప్పుడు కంప్యూటర్ నడుస్తున్నది. తీస్తె ఆగిపోతది. ముందుగాల డిస్క్ తనంతట తాను లెవ్వాలె."

ఇంకో పెన్‌డ్రైవ్ పక్కనే ఉన్న మొబైల్ షాపులో దొరుకుతుందన్న సంగతి మా ముగ్గురిలో ఎవరికీ తట్టలేదు. నాకు ఆ సాయంత్రం తిరుగు బస్సులో తట్టింది. ఇప్పటికీ అక్కకు చెప్పలేదు.

డిస్కులోని సిస్టమ్‌లోకి దిగాను. ఈసారి మూట చిన్నదిగా ఉండాలన్న మోజు వదిలేసి, అన్ని రకాల డబ్బాలకూ పనికొచ్చేలా సరంజామా అంతా పెట్టమని రాశాను. ఆ ఆజ్ఞ కొట్టేముందు అక్క వైపు చూశాను.

"ముట్టనా?"

"ముట్టు."

నల్లటి తెర మీద తెల్లటి వరుసలు పరుగెత్తాయి. ప్రింటర్ కోసం, మౌస్ కోసం, బావ ఫోటో కోసం ఎన్నిసార్లు చూశానో ఆ పరుగు. ఈసారి మాత్రం ఒక్కో వరుసనూ చదివాను. వరుసలు ఆగాయి. పెన్‌డ్రైవ్ తీసి, కంప్యూటర్ ఆపి మళ్లీ వేశాను. తెర నల్లగా ఉంది. ఇంకా నల్లగానే ఉంది. తర్వాత ఎత్తైన బిల్డింగ్, దాని ముందు నల్ల కళ్లద్దాలతో మా బావ.

"ఎవలీయన?" అంది పెద్దమ్మ.

"మా ఆయన," అంది అక్క.

"మంచిగున్నడు."

ఇంక నాతో ఎవరికీ పని లేకపోయింది. అక్క పెన్‌డ్రైవ్‌ను నా చేతిలోంచి లాక్కుని, తుడిచి, చిలుకను అటు నుంచి ఇటు తిప్పి అందులో వేసింది. రెండు చేతుల మీది చిలుకలూ ఎదురెదురుగా చూసుకోవాలి కదా. మెషిన్ మొదలైంది. సూది టకటకమంటూ ముందు తోక కుట్టింది, తర్వాత రెక్క, చివరకు ముక్కు. అంతసేపూ పెద్దమ్మ మెషిన్ దగ్గరి నుంచి కదల్లేదు. ఫ్రేము తీయగానే పాత చేతిని పక్కన పెట్టి, వంగి, ఈక ఈకకూ పోల్చి చూసింది.

"జోడీ కుదిరింది," అంది.

అక్క మొదటిసారి కుర్చీలో వెనక్కి వాలింది.

ఇదే సమయమనుకుని నేను గొంతు సవరించుకున్నాను. "అసలు దీన్ని ఎప్పుడు మల్ల చెయ్యాలె, ఎప్పుడు వద్దు అంటె, పెద్దమ్మా..."

"తమ్మి," అని అక్క చిన్న కత్తెర నా చేతిలో పెట్టింది. "ఒక ఈక నుంచి ఇంకో ఈక మీదికి దారాలు లేసినయ్ సూడు. అవి కత్తిరియ్యి. ఆమెకు మూడు గంటల బస్సున్నది."

కుట్టు ఒకచోటి నుంచి ఇంకోచోటికి దూకినప్పుడు మధ్యలో మిగిలే దారాలు అవి. చేతిని కిటికీ వెలుతురులోకి తిప్పుకుని, చిలుక కాళ్ల దగ్గర మొదలుపెట్టాను. ఏ దారం కోయాలో, ఏది కోయకూడదో ఏ పుస్తకంలోనూ చదవలేదు. పెద్దమ్మ స్టూల్ నా దగ్గరకు జరుపుకుని, నా భుజం మీదుగా వంగింది.

"జర పైలం బిడ్డా," అంది. "ముక్కు కోసేవ్."